ఒకే గేమ్ పాల్ టీవీలో ఎందుకు నెమ్మదిస్తుంది? ఏ వెర్షన్ ఆడాలి?

సెగా వారి పాత గేమ్ కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే యంత్రం) మెగా డ్రైవ్‌లో సోనిక్ మొదటి గేమ్ నెమ్మదిగా నడుస్తోందని, పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని, కన్సోల్ పాడైందేమోనని అడిగారు. ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్‌లా పనిచేసే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఏ వెర్షన్ పెట్టుకోవాలో కూడా అడిగారు. మీ కన్సోల్‌కి ఏమీ కాలేదు. యూరప్ కన్సోల్‌లో ఆ గేమ్ నడిచేదే అంత. అమెరికా కన్సోల్, యూరప్ కన్సోల్ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆడాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అమెరికా, జపాన్‌లలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో టీవీ తెర సెకనుకు దాదాపు 60 సార్లు (సరిగ్గా చెప్పాలంటే 59.94) గీస్తుంది. యూరప్‌లో ఎక్కువగా ఉన్న పాల్ పద్ధతిలో 50 సార్లే. ఆ కాలం గేముల్లో చాలావాటికి వేరే గడియారమంటూ లేదు. టీవీ ఒక ఫ్రేమ్ (తెర నిండా ఒక బొమ్మ) గీయడం పూర్తిచేసి మళ్లీ పైకి వెళ్లే సందులో గేమ్ ఒక అడుగు ముందుకు వేస్తుంది. సెకనుకు 60 అడుగులు వేయాల్సింది 50 వేస్తే, ఆట దాదాపు 17 శాతం నెమ్మదిస్తుంది.

ఈ తేడా నాకు కంటికంటే ముందు చెవికే తెలిసింది. సోనిక్ మొదటి దశ గ్రీన్ హిల్ జోన్ సంగీతం పాల్ కన్సోల్‌లో సాగుతూ వస్తుంది. కానీ శ్రుతి దాదాపు మారదు, టేప్ నెమ్మదిగా తిరిగితే గొంతు బొంగురుపోయినట్టు ఉండదు. ఎందుకంటే స్వరాలు పుట్టించే చిప్‌ నడిచేది కన్సోల్ క్లాక్ మీద. అది ఎన్‌టీఎస్‌సీ కన్సోల్‌లో 7.67 మెగాహెర్ట్జ్, పాల్ కన్సోల్‌లో 7.60, అంటే తేడా ఒక శాతం లోపే. తర్వాతి స్వరం ఎప్పుడు వాయించాలన్నది మాత్రం ఫ్రేమ్ లెక్కతో నడుస్తుంది, అందుకే లయ ఒక్కటే పడిపోతుంది. సోనిక్ 2లో సంగీతం వరకు దీన్ని సరిచేశారు. పాట మామూలు వేగంలోనే వస్తుంది, పరుగు మాత్రం నెమ్మదే.

ఇక నల్ల పట్టీల సంగతి. గీతల లెక్కలో పాల్‌దే పైచేయి: ఎన్‌టీఎస్‌సీకి 525, పాల్‌కి 625. ఇంటర్‌లేసింగ్ (ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు గీయడం) లేకుండా గీసే పాత కన్సోల్స్‌కి తెర మీద దొరికేవి సుమారు 240, 288. సోనిక్ గీసేది 224 గీతలే. ఎన్‌టీఎస్‌సీలో అది తెరను దాదాపు నింపేస్తుంది. పాల్‌లో 64 గీతలు ఖాళీగా మిగిలిపోతాయి, పైగా ఒక్కో గీత సన్నబడుతుంది కాబట్టి బొమ్మ నిలువునా నొక్కినట్టవుతుంది. గుండ్రంగా ఉండాల్సిన ఉంగరాలు కాస్త అణిగినట్టు కనిపిస్తాయి.

అన్ని పాల్ గేములూ ఇలాగే ఉండవు. నింటెండో కన్సోల్ నెస్‌లో సూపర్ మారియో బ్రదర్స్ పాల్ వెర్షన్‌కి మారియో కదలికను 50 హెర్ట్జ్‌కి (సెకనుకు 50 సార్లు) తగ్గట్టు పెంచారు. అది తేలికైన పని కాదు. ఫ్రేమ్‌కి ఒక పిక్సెల్ జరిగే పాత్ర ఇప్పుడు 1.2 పిక్సెల్ జరగాలి. దూకే ఎత్తు, శత్రువు వచ్చే వేళ, అన్నీ మళ్లీ లెక్కగట్టుకోవాలి. ఇలా సరిచేసిన గేమ్‌ని తెచ్చి 60 హెర్ట్జ్‌లో పెడితే 20 శాతం ఎక్కువ వేగంతో పరిగెడుతుంది. "పాల్ గేముని 60లో పెట్టేస్తే సరి" అని ఎవరైనా చెబితే, ముందు ఆ గేమ్ ఏ రకమో చూసుకోండి.

ఎమ్యులేటర్‌లో అయితే, ప్రత్యేకంగా యూరప్ వెర్షనే కావాలనుకుంటే తప్ప, ఎన్‌టీఎస్‌సీ వెర్షన్ పెట్టుకోండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 50 ఫ్రేముల గేమ్ ఆడితే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది. నేపథ్యం పక్కకి జరిగేటప్పుడు ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది, నాకైతే అసలు భరించలేనిది అదే. పాత గేములు నింపి 2018లో సోనీ అమ్మిన చిన్న కన్సోల్ ప్లేస్టేషన్ క్లాసిక్‌లోని 20 గేముల్లో 9 పాల్ వెర్షన్లే కావడంతో ఆటగాళ్లు అంతగా మండిపడ్డారంటే ఊరికే కాదు. తర్వాతి తరం కన్సోల్స్ డ్రీమ్‌కాస్ట్, గేమ్‌క్యూబ్ కాలానికి చాలా యూరప్ గేములు మొదట్లోనే 50 కావాలా, 60 కావాలా అని అడిగేవి. హెచ్‌డీ కన్సోల్స్ వచ్చాక ఈ గొడవ దాదాపు పోయింది.

మీ సోనిక్ విషయంలో మంచి సంగతి ఏమిటంటే, మొదటి గేమ్‌కి అమెరికాలో, యూరప్‌లో అమ్మినది ఒకే ప్రోగ్రామ్. కాబట్టి వేరే ఫైల్ వెతకక్కర్లేదు, ఎమ్యులేటర్ సెట్టింగుల్లో రీజియన్‌ని అమెరికాకి మార్చండి చాలు. అసలు కన్సోల్ మీదే ఆడాలనుకుంటే 50/60 స్విచ్ పెట్టించుకోవచ్చు. అప్పుడు మాత్రం ఆర్‌జీబీ కేబుల్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపేది) వాడండి, బొమ్మంతా ఒకే సిగ్నల్‌గా పంపే మామూలు కాంపోజిట్ కేబుల్‌తో రంగులు పోయే అవకాశం ఉంది.