ఇంట్లో వెల్డింగ్‌కి ఏ మెషిన్, ఏ రాడ్లు: ముందు మీ ఇంటి వైరు చూసుకోండన్నా

వంటింట్లో కడప బండలకు యాంగ్లర్ (L ఆకారం ఇనుప పట్టీ) స్టాండు, పెరటికి చిన్న గేటు సొంతంగా చేసుకోవాలనుకుంటే షాపతను 400 ఆంప్స్ మెషిను, 7018 రకం రాడ్లు తీసుకోమన్నాడని రాశారు కదా. రెండూ వద్దన్నా.

మాది తాడిపత్రి పక్కన. నాలుగేళ్ళ కింద నేనూ ఏమీ చూసుకోకుండా ముందు మెషినే కొన్నా, 200 ఆంప్స్ సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మెషిన్. ఇంటికి తెచ్చి రాడ్ కొడితే ఆర్క్, అంటే రాడ్ కొసన వెలిగే మంట, నిలవదు, రాడ్ ఇనుముకు అతుక్కుని ఎర్రగా కాలుతుంది, ఊపి ఊపి పీకితే పైనున్న మందు పెళ్ళలుగా రాలిపోతుంది. డజను రాడ్లు పాడుచేసి, మెషిన్ డూప్లికేట్ అంటగట్టారని తిట్టుకుంటూ వాపసుకు సర్దుతుంటే, మా బోరు మోటారు చూసే మెకానిక్ వచ్చి మీటరు పెట్టి చూశాడు. మధ్యాహ్నం, చుట్టూ బోర్లన్నీ ఆడుతున్న టైము. ప్లగ్గు దగ్గర 195 వోల్టులు, నేను ఆర్క్ కొట్టగానే 170. తర్వాత ఆయన కింద చుట్ట చుట్టి పడేసిన ఎక్స్‌టెన్షన్ వైరు పట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. 25 మీటర్ల సన్న వైరు, చుట్ట లోపల ప్లాస్టిక్ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటోంది. మర్నాడు తెల్లారి ఆరింటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పొట్టిది, వేసి కొడితే అదే మెషిను, అవే రాడ్లు, నూనెలో బజ్జీలు వేగినట్టు ఆగకుండా చుర్రుమన్నాయి.

అందుకే ఇనుము మందంతో మొదలుపెట్టండి. స్టాండుకు వాడే యాంగ్లర్ 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి 6013 రకం రాడ్ చాలు. 2.5 మిల్లీమీటర్లది, షాపులో 12 నంబర్ అనడగండి, 70 నుంచి 90 ఆంప్స్ మధ్య నడుస్తుంది. మందం ఎక్కువైతే 10 నంబర్, అంటే 3.15, దానికి 100 నుంచి 130 దాకా పెట్టాలి. గేటుకు 18 గేజ్ స్క్వేర్ పైపు తెచ్చారంటే మాత్రం కష్టమే, అది 1.2 మిల్లీమీటర్ల రేకు, క్షణం ఎక్కువ నిలిపితే బొక్క పడుతుంది. 2 మిల్లీమీటర్ల రాడ్, 50 ఆంప్స్ ప్రాంతం, రాడ్ పట్టుకునే హోల్డర్‌ను మెషిన్ మైనస్‌కు తగిలించి చుక్కలు చుక్కలుగా వేయండి. లేదా 14 గేజ్, అంటే ఇంకా మందమున్న పైపు కొనుక్కోండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా తలనొప్పి తగ్గుతుంది.

7018 బలమైన రాడ్డే, కాదనను. కానీ ప్యాకెట్ విప్పాక తేమ పీల్చుకుంటే 300 డిగ్రీల పైన ఓవెన్‌లో గంటకు పైగా ఆరబెట్టాలి, మన మిద్దె మీద మే నెల ఎండ కూడా దానికి చాలదు. బండల స్టాండుకు అంత అవసరం ఏముంది?

ఇప్పుడు కరెంటు లెక్క. 80 ఆంప్స్‌తో అతికేటప్పుడు ఆర్క్ దగ్గర 23 వోల్టులుంటాయి, అంటే రెండు కిలోవాట్లకు కాస్త తక్కువ. మెషిన్ లోపల వృథాగా తినేది, పవర్ ఫ్యాక్టర్ (పనికి రాకున్నా వైర్లో అదనంగా పారే కరెంటు) కలుపుకుంటే గోడ ప్లగ్గు నుంచి 14, 15 ఆంప్స్ లాగుతుంది. అదే 120 పెడితే 22, 23 లాగుతుంది, 16 ఆంప్స్ ప్లగ్గు కాలిపోతుంది. ఇక 400 ఆంప్స్ మెషిన్లు చాలావరకు త్రీ ఫేజ్‌వే, ఇంటికి తెచ్చి ఏం చేసుకుంటారు? 200 ఆంప్స్ ఇన్వర్టర్ చాలు, హాట్ స్టార్ట్ (ఆర్క్ సులువుగా అంటుకునేది), యాంటీ స్టిక్ (రాడ్ అతుక్కుంటే కరెంటు తగ్గించేది) ఉన్నది చూసుకోండి. డబ్బా మీద 60 శాతం డ్యూటీ సైకిల్ అని ఉంటే, పెద్ద సెట్టింగులో పది నిమిషాలకు ఆరు నిమిషాలే అని అర్థం. మన ఎండల్లో ఇంకొంచెం తక్కువే అనుకుని నీడలో పెట్టుకోండి. పాత రాగి ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ చవగ్గా దొరికితే మొండిది, చెడిపోదు, కానీ ఇంటి కరెంటును గట్టిగా లాగి లైట్లన్నీ మినుకుమనిపిస్తుంది.

ఇనుముకు పట్టించే ఎర్త్ క్లాంప్ కింద పెయింటు, తుప్పు గీకేయండి, సగం సతాయింపు అక్కడే. జీఐ (జింకు పూత వేసిన) పైపైతే ఆ తెల్ల పూత గ్రైండర్‌తో తీసి గాలాడే చోట అతకండి, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. కళ్ళకు అడ్డం పెట్టుకునే నల్లద్దం 10 లేదా 11 నంబర్. నేను ఒక్క టాకా, అంటే చిన్న చుక్క అతుకే కదా అని అద్దం లేకుండా వేసి, రాత్రి రెండింటికి కళ్ళలో ఇసుక పోసినట్టయితే లేచి కూచున్నా, మా అమ్మ ఉర్లగడ్డ చక్రాలు పెట్టింది, ఏమీ తగ్గలేదు, పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సొచ్చింది.

మీ పైపు ఏ గేజో, ఇంటి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి) మీద ఏ నంబరుందో రాయండన్నా, వైరు సంగతి అప్పుడు చెప్తా.