రెండో రోజు జ్వరానికే విడాల్ పాజిటివ్: టైఫాయిడేనా?

జ్వరం వచ్చిన రెండో రోజే మీ తమ్ముడికి విడాల్ పరీక్ష (టైఫాయిడ్ యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చిందని, ఇది టైఫాయిడేనా అని అడిగారు. ఆ పాజిటివ్ పాత ఇన్ఫెక్షన్ వల్లో, ఎప్పుడో వేసిన టైఫాయిడ్ టీకా వల్లో వచ్చి ఉండొచ్చు. ఎందుకంటే విడాల్‌లో కనిపించేంతగా యాంటీబాడీలు (క్రిమితో పోరాడేందుకు శరీరం తయారుచేసే ప్రొటీన్లు) పెరగడానికి జ్వరం మొదలయ్యాక దాదాపు వారం పడుతుంది.

1. చాలామంది వదిలేసేది ఇదే: యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రక్తం ఇవ్వాలి. మందు పడ్డాక క్రిమి పెరగక రిపోర్టు నెగెటివ్ రావచ్చు. ఏ మందు పనిచేస్తుందో చెప్పేదీ కల్చరే. తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి రుయా ఆసుపత్రిలోనో, స్విమ్స్ ఆసుపత్రిలోనో అడగండి.

2. డెంగీ, మలేరియా పరీక్షలు కూడా చేయించండి.

3. కడుపునొప్పి ఎక్కువైనా, మలం నల్లగా వచ్చినా, మగతగా ఉన్నా రిపోర్టు కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.