సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్: ఆయన ఎంతకు కొన్నాడన్నది మీకు అనవసరం

ప్రశ్న: మా బావమరిదితో పనిచేసే ఆయన తన లాప్‌టాప్ అమ్మేస్తున్నారు. కొని మూడేళ్లయింది. ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కొన్న ధరలో 60 శాతం ఇమ్మంటున్నారు, బిల్లు కూడా చూపించారు. మా అమ్మాయి చదువుకి కావాలి. తెలిసినవాళ్లు కాబట్టి గట్టిగా బేరమాడలేను. 60 శాతం న్యాయమేనా? లేక అప్పు చేసైనా కొత్తదే కొనాలా?

జవాబు: న్యాయం కాదండీ. అంత ఇస్తే కొత్తదానికంటే ఖరీదైన పాత లాప్‌టాప్ కొన్నట్టవుతుంది. ఎలాగో లెక్క వేసి చూపిస్తాను.

ముందు ఆ బిల్లు పక్కన పెట్టేయండి. ఆయన ఎంత పెట్టి కొన్నారన్నది ఆయన సంగతి. 2020, 2021లో ఇంటి నుంచి పని, ఆన్‌లైన్ క్లాసులు, దానికి తోడు చిప్‌ల కొరత, అన్నీ ఒకేసారి వచ్చిపడినప్పుడు చెప్పినంత పెట్టి కొనుక్కున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు, ఆ ఎక్కువ పెట్టిన సొమ్ము తర్వాత కొనేవాడి దగ్గర రాబట్టుకుంటామంటే కుదరదు కదా. అలాగే ఆయనకి పెద్ద డిస్కౌంట్‌లో దొరికి ఉంటే, ఆ లెక్కన నాకూ తగ్గించండని మీరూ అడగలేరు. మీకు కావలసిన అంకె ఒక్కటే, ఇవాళ అంతే పని చేసే కొత్త లాప్‌టాప్ ఎంతకి వస్తోంది? అదే మోడల్ అక్కర్లేదు, అంతే పని చేస్తే చాలు.

ఇక లెక్క. ఆయన కొన్న ధర 100 అనుకుందాం, అడుగుతున్నది 60. అంతే పని చేసే కొత్తది ఇవాళ 75కి దొరుకుతుందని నేను అనుకుంటున్నాను, అసలు అంకె ఎంతో మీరు ఓ గంట కూర్చుని వెతికితే తెలిసిపోతుంది. చదువుకీ, ఆఫీసు పనికీ వాడే లాప్‌టాప్‌కి నేను ఆరేళ్ల ఆయుష్షు వేస్తాను. ఇది నా అంచనా మాత్రమే, గేమ్‌లు, వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పనులైతే ఇంకా తగ్గించుకోండి. 75ని ఆరుతో భాగిస్తే కొత్తదానికి ఏడాదికి 12.5 పడుతుంది. ఆయన లాప్‌టాప్‌కి మిగిలింది మూడేళ్లు. 60 పెట్టి కొని, మూడేళ్ల బ్యాటరీ కాబట్టి త్వరలో మార్చడానికి ఇంకో 5 వేసుకుంటే మొత్తం 65, అంటే ఏడాదికి దాదాపు 22! కొత్తది 12.5, పాతది 22. 60 శాతం అంటే వినడానికి 40 శాతం మిగిలినట్టే ఉంటుంది, అక్కడే అందరం పడిపోతాం.

ఇదే లెక్క తిరగేస్తే మీ ధర వస్తుంది. మూడేళ్లకి ఏడాదికి 12.5 చొప్పున 37.5. బ్యాటరీకి 5 తీసేస్తే 32.5. సాధారణంగా వారంటీ మిగిలి ఉండదు, రేపు స్క్రీన్ పోతే అడగడానికి ఎవరూ ఉండరు, ఆ రిస్కుకి నేనైతే ఇంకో పదో వంతు కోస్తాను, 29 చిల్లర. కాబట్టి 29 దగ్గర మొదలుపెట్టి 32 దాకా వెళ్లొచ్చు. చాలా శుభ్రంగా ఉంటే, ఒరిజినల్ ఛార్జర్ ఇస్తే, 35. ఆపైన వద్దు.

"నెట్‌లో ఇలాంటివి 50, 55కి పెడుతున్నారు కదా" అని ఆయన అనొచ్చు. పెట్టడం వేరు, అమ్ముడుపోవడం వేరు. నెలల తరబడి అలాగే పడి ఉన్న ప్రకటనలు చూసి ధర తేల్చుకోకండి, అమ్ముడైన ధరలు చూపించే చోట్లుంటే అవి చూడండి. కొత్తది కొన్నప్పుడు పాతదానికి ఎక్స్‌ఛేంజ్‌లో ఎంత ఇస్తారో కూడా కనుక్కోండి. ఆ అంకె సాధారణంగా బాగా తక్కువ ఉంటుంది, ఆయనకి మీరు కాకుండా ఉన్న సులువైన దారి అదే కాబట్టి మీ మాటకి బలం కూడా అక్కడి నుంచే వస్తుంది.

ప్రాసెసర్ గురించి మీరు ఐ7 అని రాసి వదిలేశారు. ఏ తరం ఐ7? నేను ఎక్కువ పట్టించుకునేది దీన్నే, ఎందుకంటే అమ్మేవాళ్లు ఐ7 అన్న రెండక్షరాలకే ధర పెంచేస్తారు. పూర్తి నంబరు అడగండి. 1165జీ7 అని ఉంటే 11వ తరం, 1255యూ అని ఉంటే 12వ తరం, మొదటి రెండంకెలు తరాన్ని చెబుతాయి (8250యూ లాగా 1తో కాకుండా వేరే అంకెతో మొదలయ్యే పాత నంబర్లలో మొదటి అంకె ఒక్కటే). 11వ తరం ఐ7 1165జీ7కి ఉన్నవి 4 కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), 12వ తరం ఐ5 1235యూకి 10. వాటిలో 8 చిన్న కోర్లే అనుకోండి, అయినా పేరులో ఐ7 ఉందని ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదని చెప్పడానికి ఇది చాలు. కొన్నది మూడేళ్ల కిందటే అయినా, స్టాక్ మిగిలిపోయిన ఐదారేళ్ల నాటి మోడల్ కూడా అయ్యుండొచ్చు, ఆయుష్షు లెక్క బిల్లు తేదీ నుంచి కాకుండా మోడల్ వచ్చిన ఏడాది నుంచి వేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కాస్త అటూ ఇటూగా 8వ తరం నుంచి మొదలు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ఆ గీత దాటని లాప్‌టాప్ ఎంత మెరుస్తున్నా నా లెక్కలో దాని ఆయుష్షు అయిపోయినట్టే.

బ్యాటరీ గురించి "బాగానే వస్తుందండీ" అంటారు, ఆ మాటకి విలువ లేదు. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసే కమాండ్ ఉంది, ఆయనకి తెలియకపోతే మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పడుతున్నది) అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది 50,000, రెండోది 31,000 అయితే బ్యాటరీ 62 శాతమే మిగిలింది, నేను తీసేసిన 5 న్యాయమే. 90 శాతం ఉంటే ఆ 5 ఆయనకి తిరిగి ఇచ్చేయండి, న్యాయం రెండువైపులా ఉండాలి కదా. ర్యామ్ 16 ఉంది కాబట్టి సరే, 8 ఉండి బోర్డుకే అతికించి పెంచే వీల్లేకుండా ఉంటే ఇంకా కోయమనేవాణ్ణి. మూత తెరిచి మూసినప్పుడు చప్పుడు, కీబోర్డులో పనిచేయని అక్షరాలు, ఇవి అక్కడే ఐదు నిమిషాల్లో చూసుకోండి.

ఇప్పుడు పక్కన పెట్టిన బిల్లు మళ్లీ తీయండి. ధర కోసం కాదు, దాని మీది సీరియల్ నంబరూ లాప్‌టాప్ అడుగున ఉన్నదీ ఒకటేనా చూడటానికి. తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొడితే వారంటీ ఇంకా మిగిలిందేమో కూడా చెబుతుంది. ఒకసారి నేనూ ఇలాగే తెలిసినాయనే కదా అని ఏమీ చూడకుండా తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి రీసెట్ చేసి ఇంటర్నెట్ కలిపితే ఆయన పనిచేసిన కంపెనీ లాగిన్ అడిగింది! అది కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, ఆయన పేరు మీద రాసివ్వలేదు. డబ్బు వెనక్కి రావడానికి నెల పట్టింది, స్నేహం ఇంకా వెనక్కి రాలేదు. అందుకే రీసెట్ ఆయన ముందే చేయించి, వైఫై కలిపి, డెస్క్‌టాప్ దాకా వచ్చాకే డబ్బివ్వండి.

అప్పు సంగతి. అప్పు చేసి కొన్నా కొత్తదే చవకయ్యే సందర్భం ఇది. వడ్డీ, ఫీజులు కలిపి 75 కాస్తా 84 అయిందనుకోండి, ఆరేళ్లకి పంచితే ఏడాదికి 14, అప్పటికీ 22 కంటే తక్కువే. కాకపోతే వడ్డీ లేని ఈఎంఐ అని రాసినచోట ప్రాసెసింగ్ ఫీజు ఉందా, మొత్తం ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ పోతోందా అని చూడండి, వడ్డీ దాక్కునేది అక్కడే. నెలనెలా కట్టడం ఇంటి ఖర్చుకి ఇబ్బంది అనుకుంటే మధ్యలో రీఫర్బిష్డ్, అంటే బాగుచేసి మళ్లీ అమ్మే పాతది ఉంది, వారంటీ రాసిచ్చేది, మూడేళ్లు నమ్మకంగా వచ్చేది 40కి దొరికితే ఏడాదికి 13 పైచిలుకు. అమ్మాయి కోర్సు ఎన్నేళ్లో మీరు రాయలేదు. నాలుగేళ్లయితే మాత్రం ఆయన లాప్‌టాప్ 32కి వచ్చినా చివరి ఏడాది ఇంకోటి వెతుక్కోవాల్సి రావొచ్చు, అది ముందే అనుకోండి.

మొహమాటం ఎక్కువైతే నోటితో బేరమాడకండి, మీకు చేతకాదని మీరే ఒప్పుకున్నారు. బ్యాటరీ రిపోర్ట్, ప్రాసెసర్ పూర్తి నంబరు ఫొటో తీసి పంపమని మీ బావమరిది చేత కాకుండా మీరే మెసేజ్ పెట్టండి. అవి వచ్చాక "కొత్తది ఇంతకి వస్తోందండీ, మూడేళ్లకి నా లెక్క ఇంత తేలింది, మీకు కుదిరితే చెప్పండి" అని రాసి ఊరుకోండి. ఫొటోలే రాకపోతే కొత్తదానికి వెతకడం మొదలుపెట్టేయండి.