వీఏ లోన్‌తో ఇల్లు కొంటున్న తమ్ముడికి

తమ్ముడూ, గ్రీన్ కార్డుతో సైన్యంలో చేరి, సర్వీసు ముగించుకుని, ఇప్పుడు వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) హామీతో దొరికే లోన్ మీద డౌన్ పేమెంట్ లేకుండా ఇల్లు తీసుకుంటున్నావని విని సంతోషించాను. కట్టే వడ్డీ అంతా రిఫండుగా తిరిగి వస్తుందా అని అడిగావు. సరిగ్గా అదే భ్రమలో నేను 2019లో ఇల్లు కొన్నాను కనుక, ముందు నా కథ విను.

టెక్సాస్‌లోని కిల్లీన్‌లో 2,20,000 డాలర్ల ఇల్లు. సంతకాల రోజున నా ముందు పెట్టిన కాగితాల దొంతరలో ఫండింగ్ ఫీజు (ఈ లోన్‌కు వీఏ ఒక్కసారి వసూలు చేసే రుసుము) 2.15 శాతం, అంటే 4,730 డాలర్లు, అని ఒక వరుస ఉంది. "జేబులోంచి ఇవ్వనక్కర్లేదు, లోన్‌లో కలిపేస్తాం" అనగానే, వడ్డీకి వడ్డీ గురించి మా నాన్న చిన్నప్పటినుంచీ నూరిపోసినదంతా మరిచి తలూపాను.

మరుసటి జనవరిలో, ఏడాదిలో కట్టిన వడ్డీని చూపే 1098 ఫారం వచ్చింది. మొదటి గడిలో తొమ్మిది వేల పైచిలుకు వడ్డీ చూసి, వంటింటి గట్టు మీదే కాలిక్యులేటర్ పెట్టుకుని, దానికి ఎస్క్రోలో (ఇంటిపన్ను కోసం రుణసంస్థ దగ్గర ఉండే ఖాతాలో) నెలనెలా వేసిన ఇంటిపన్నునూ, ఫండింగ్ ఫీజునూ కలిపి దాదాపు ఇరవై వేలు తేల్చి, మా ఆవిడకు కొత్త సోఫా మాట ఇచ్చేశాను. లెక్కలో రెండు తప్పులు. ఎస్క్రోలో మనం వేసినది కాదు, అందులోంచి ఆ ఏడాది కౌంటీకి చెల్లించినదే చెల్లుతుంది. అంతకన్నా పెద్దది, ఆ ఏడాది దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఏ ఖర్చూ చూపకపోయినా ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 24,400 డాలర్లు. వడ్డీ లాంటి ఖర్చులు దాన్ని దాటితేనే వాటిని చూపి లాభం. నా మొత్తం దానికి దిగువనే ఉంది కనుక, ఇల్లు కొన్నందుకు ఫెడరల్ పన్నులో నాకు ఒక్క డాలరూ తగ్గలేదు. సోఫా మాత్రం క్రెడిట్ కార్డు మీద వచ్చింది.

2025కు ఆ అంకె 31,500కు పెరిగింది. కాబట్టి మామూలు ధర ఇంటికి వడ్డీ మినహాయింపు అక్కరకు రావడం ఇంకా కష్టం. ఫండింగ్ ఫీజును ఆదాయంలోంచి తీసేసుకునే మినహాయింపు 2021తో ఆగి 2026 నుంచి మళ్లీ వచ్చింది. అయితే లక్ష డాలర్ల ఆదాయం దాటితే కరిగిపోతుంది, ఇద్దరూ ఐటీలో ఉంటే దాన్ని మరిచిపో. మిగతా నిబంధనలు ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) సైటులో చూసుకో.

నీకు నిజంగా పనికొచ్చేది క్రెడిట్: అది ఆదాయంలోంచి కాదు, నేరుగా పన్నులోంచే తగ్గుతుంది. కట్టే వడ్డీలో కొంత భాగాన్ని అలాంటి క్రెడిట్‌గా ఇచ్చే మార్ట్‌గేజ్ క్రెడిట్ సర్టిఫికెట్‌కు మొదటిసారి కొనేవారై ఉండాలన్న షరతు మాజీ సైనికులకు వర్తించదు, ఆదాయ పరిమితి మాత్రం ఉంటుంది. లోన్ కాగితాల మీద సంతకాలు (క్లోజింగ్) కాకముందే తీసుకోవాలి. నాకు ఆ సంగతి తెలిసింది తాళాలు చేతికొచ్చాక.

వీఏ వైకల్య పరిహారం పొందేవారికి ఫండింగ్ ఫీజే ఉండదు. నేను కొన్ననాటికి నా దరఖాస్తు పెండింగులో ఉంది. తర్వాత మంజూరు చేసి, కొనుగోలుకు ముందు తేదీ నుంచే అమలులోకి తెచ్చారు. అలాంటప్పుడు ఫీజు వెనక్కి అడగవచ్చని రెండేళ్లకు, ఒక పాత సహచరుడు భోజనాల దగ్గర చెబితే తెలిసింది. నీ దరఖాస్తు పెండింగులో ఉంటే ఈ వారమే రుణసంస్థకు చెప్పు. నాకు 4,730 డాలర్లూ అసలులోంచి తగ్గించారు. ఆ రెండేళ్లూ దాని మీద నేను కట్టిన వడ్డీ, సుమారు నాలుగు వందల డాలర్లు, ఇప్పటికీ మా ఆవిడ డైరీలో ఎర్ర సిరాతో ఉంది.