చక్రం ఊగుతోందంటే

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కాలేజీ పందెంలో ఆర్‌సీ కారు, అదే రిమోట్‌తో నడిచే బుల్లి కారు, దింపుతున్నావట, దాని వెనక చక్రం ఊగుతోందట, రాత్రి పన్నెండింటిదాకా దాంతోనే కూర్చుంటున్నావట. బాలానగర్‌లో లేత్ మీద 31 ఏళ్లు నిలబడ్డవాణ్ణి. మన ఇంట్లో ఇంకో చేతికి గ్రీజు అంటిందంటే నాకు ఎంత సంబరమో నీకు తెలీదు. ఆ సంబరంతోనే పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

ముందు చిన్నవి. చార్జింగ్ నిండుగా పెట్టు. మరలన్నీ ఓసారి బిగించు. కారు ఓ పక్కకి లాగుతుంటే రిమోట్‌లో ట్రిమ్, అంటే చక్రాల్ని కాస్త అటూ ఇటూ సరిచేసే మీట, సున్నాకి తెచ్చి, అప్పుడు స్టీరింగ్ కడ్డీలు చూడు. రిమోట్ ముందు ఆన్ చెయ్యి, తర్వాత కారు. ఆపేటప్పుడు కారు ముందు.

ఇక ఊగడం. మోటారు మీద అనుమానపడకు. బ్యాటరీ ఊడదీసి, చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ, లోపలికీ బయటికీ కదిపి చూడు. బయటినుంచి లోపలికి వెళ్లాలి. నట్టు, చక్రం, దాని వెనక ఆరుపలకల హెక్స్, హెక్స్‌లో అడ్డంగా సన్నటి పిన్ను, ఆఖరున బేరింగు. ప్లాస్టిక్ హెక్స్ అయితే మూలలు అరిగి గుండ్రమైపోతాయి. అప్పుడు ఎంత బిగించినా లాభం లేదు, మార్చెయ్. పిన్ను అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు, హెక్స్ లాగగానే జారిపోతుంది. కింద తెల్లగుడ్డ పరుచుకో. బేరింగు తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలిందా, రాణిగంజ్‌లో బేరింగుల కొట్లకి వెళ్లు. అక్కడ కారు పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మూడూ మిల్లీమీటర్లలో రాసుకుని వెళ్లు. పాతది జేబులో ఉంటే ఇంకా మంచిది.

టకటకమని చప్పుడు వస్తుంటే మోటారు మీది చిన్న గేరు పినియన్‌కీ, అది తిప్పే పెద్ద గేరు స్పర్‌కీ మధ్య నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి, దగ్గరికి నొక్కి, మోటారు మరలు బిగించి, కాగితం లాగెయ్. ఆ కాగితం మందమే వాటికి కావలసిన సందు.

ఇప్పుడు నిద్ర పట్టని సంగతి. 1993లో పక్కింటాయన దుబాయ్ నుంచి కొడుక్కి ఇలాంటి కారే తెచ్చాడు. కుడి వెనక చక్రం బిగుసుకుపోయిందని నా దగ్గరికి వచ్చింది. రెండు చక్రాలూ విప్పి శుభ్రం చేశాను. తిరిగి బిగించబోతే ఎడమవైపు నట్టు కనిపించలేదు. లోపల నైలాన్ చుట్టు ఉండే నట్టు అది, అదురుకి వదులవకుండా పట్టుకునేది. డబ్బాలో వెతికితే అదే కొలతలో మామూలు నట్టు దొరికింది. ఇప్పటికి ఇది చాల్లే అనుకున్నాను. వర్క్‌షాపులో ఏ కుర్రాడైనా ఆ మాటంటే నేనే నిలబెట్టి తిట్టేవాణ్ణి.

కారు ఒళ్లో పెట్టుకుని, కుడి చక్రాన్ని బొటనవేలితో ఆపి, ట్రిగ్గర్ మొత్తం నొక్కాను. మధ్యలో రెండు చక్రాలకీ తిరుగుడు పంచే డిఫరెన్షియల్ ఉంటుంది కదా, ఒక చక్రాన్ని ఆపితే దాని వంతు తిరుగుడు కూడా రెండోదానికే పోతుంది. రెట్టింపు వేగం. ఆ లెక్క నాకు తెలుసు. తెలిసీ నొక్కాను, వదిలాను, మళ్లీ నొక్కాను. నట్టు ఎగిరింది, దాని వెనకే చక్రం. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని చూస్తోంది మీ అమ్మ. అప్పటికి ఆరేళ్లు.

కుడి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఇంకో వేలెడు కిందికి తగిలితే కన్ను పోయేది. ఆ గీత గురించి నువ్వడిగితే గడప తట్టుకుని పడ్డానని చెప్పింది కదూ? ఆ రోజు ఆసుపత్రిలో మీ అమ్మమ్మకీ అదే చెప్పింది, నేను నోరు తెరిచేలోపే. నన్నేమైనా అంటారని. నేనూ దిద్దలేదు. ముప్పై ఏళ్లు దాటింది.

కారు చేత్తో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కావంటే ఊరుకోను, చెబుతున్నా. చెక్కదిమ్మె మీద కూర్చోబెట్టు, ఎవరి మొహమూ చక్రాల దగ్గర లేదని చూసుకో, మెల్లగా తిప్పు. నైలాన్ నట్టు వేళ్లతోనే చివరిదాకా తిరిగిపోతే దాని పని అయిపోయినట్టే, పారెయ్. నీ చేతులు మంచివి తల్లీ, మీ అమ్మ చెబుతుంటే గొంతులోనే తెలిసింది.

ఆదివారం కారు పట్టుకుని రా. లేత్ దగ్గర పెట్టుకునే కళ్లద్దాలు మూడు జతలు కడిగి ఉంచాను. మీ అమ్మనీ తీసుకురా.

తాత