రైల్వే సిగ్నల్ సాఫ్ట్‌వేర్ మార్చడానికి అంత ఖర్చు, అంత కాలం ఎందుకు?

ప్రోగ్రామ్ రాయడం కంటే, అది ఏ పరిస్థితిలోనూ ప్రమాదకరమైన తప్పు చేయదని రుజువు చేయడమే కష్టం కాబట్టి. ఇంటర్‌లాకింగ్ అనే ఈ వ్యవస్థ, పాయింట్లు (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే కదిలే పట్టాలు) సరిగ్గా బిగిసి, దారి ఖాళీగా ఉంటేనే రైలుకు సిగ్నల్ ఇస్తుంది. లోపం వస్తే ఎర్రదీపమే చూపాలి.

విశాఖపట్నం స్టేషన్నే చూడండి. హౌరా–చెన్నై మార్గంలో ఇక్కడికి వచ్చే రైళ్లు దిశ మార్చుకుని వెళ్లాలి, ఇంజను రెండో చివరకు చేరాలి. ఇలాంటిచోట ఒక్క లైను కలిపినా దాన్ని తాకే ప్రతి దారినీ, ఒకేసారి రెండు రైళ్లకు ఇవ్వకూడని ప్రతి దారుల జంటనూ మళ్లీ పరీక్షించాలి, అదీ రైళ్లు నడుస్తుండగానే. పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మారే చివరి రోజుల్లో కొన్ని రైళ్లు రద్దవుతాయి. ఆ ఇబ్బంది భరించదగినదే.

అవసరమైతే రైలుకు తానే బ్రేకులు వేసే కవచ్ అనే రక్షణ వ్యవస్థ వస్తే ఇదంతా అక్కర్లేదనుకోవడం పొరపాటు. రైలు ఎర్రదీపం దాటకుండా కవచ్ ఆపుతుంది. ఆ దీపం ఎప్పుడు ఎర్రగా ఉండాలో నిర్ణయించేది ఇంటర్‌లాకింగే.