రాగి కేక్ ఎందుకు రాలిపోతుంది? బిస్కెట్ ఎందుకు రాయవుతుంది?

మా పాపకు ఏడేళ్లు. పాలు తాగదు. కాల్షియం కోసం అచ్చంగా రాగిపిండితోనే కుక్కర్‌లో కేక్ చేశాను. రెండుసార్లూ మధ్యలో కుంగిపోయింది, కోస్తే ఇసుకలా రాలింది. సబ్బు వాసన కూడా వచ్చింది. బేకింగ్ పౌడర్ లేక, అదే కొలతలో తినే సోడా వేశాను. తప్పు అక్కడేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

వాసన మాత్రం సోడాదే. తినే సోడా బేకింగ్ పౌడర్ కన్నా మూడు నాలుగు రెట్లు బలమైనది. దానికి సరిపడా పులుపు లేకపోతే మిగిలిన సోడా అలాగే ఉండి సబ్బు రుచి ఇస్తుంది. పైగా గాలి ఒక్కసారిగా పుట్టి కేక్ పొంగుతుంది, పట్టి నిలబెట్టే బలం లేక కుంగుతుంది. రాలిపోవడానికి కారణం వేరు. గోధుమలో ఉండే సాగే గుణం, అంటే గ్లూటెన్, రాగుల్లో లేదు. రాగి రొట్టెను చపాతీలా ఒత్తబోతే విరిగిపోయేది కూడా అందుకే. కాబట్టి రాగిపిండి మొత్తం పిండిలో సగానికి మించకూడదు.

ఆరంగుళాల గిన్నెకు ఈ కొలతలు: రాగిపిండి 60 గ్రాములు, గోధుమపిండి 90, బెల్లం పొడి 110, పెరుగు 180 మి.లీ., పాలు 50 మి.లీ., వాసన లేని నూనె 60 మి.లీ., బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, తినే సోడా పావు టీస్పూను, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి.

ముందు పెరుగులో బెల్లం, రాగిపిండి కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. ఈ పని మానొద్దు. రాగి పొట్టు తడిని మెల్లగా పీలుస్తుంది. నానకపోతే నోట్లో ఇసుక తగిలినట్టే ఉంటుంది. తర్వాత నూనె, పాలు పోయండి. గోధుమపిండి, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు, యాలకుల పొడి కలిపి జల్లించి చివర్లో వేసి, పొడి కనిపించకుండా పోయేంతవరకే కలపండి. పిండి గరిటె నుంచి రిబ్బనులా జారాలి. వెంటనే పొయ్యి మీదికి ఎక్కించాలి, ఆలస్యమైతే గాలి పోతుంది.

కుక్కర్‌కు రబ్బరు, వెయిట్ రెండూ తీసేయాలి. నీళ్లు పోయకూడదు. పిండి కలిపేముందే అడుగున ఉప్పు పరిచి స్టాండు పెట్టి, మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడిచేసి, కేక్ గిన్నె లోపల పెట్టి, సన్నని సెగ మీద 40–45 నిమిషాలు ఉంచండి. మొదటి అరగంట మూత తీయొద్దు, తీస్తే కుంగుతుంది. నీళ్లు లేకుండా కాగితే కుక్కర్ అడుగు దెబ్బతింటుంది కాబట్టి పాత కుక్కర్‌ గానీ దళసరి గిన్నె గానీ దీనికి వేరుగా ఉంచుకోండి. ఓవెన్ అయితే 170 డిగ్రీల దగ్గర 35–40 నిమిషాలు. పూర్తిగా చల్లారాకే కోయండి.

ఇక కాల్షియం సంగతి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు ఉంది. మైదాలో 20 చిల్లర. గొప్ప తేడానే. కానీ ఈ కేక్‌ను ఎనిమిది ముక్కలు చేస్తే, ముక్కకు రాగుల నుంచి వచ్చేది 27 మిల్లీగ్రాములే. పెరుగు నుంచీ దాదాపు అంతే వస్తుంది. దాంతోపాటు 14 గ్రాముల బెల్లం కూడా కడుపులోకి పోతుంది. పాప వయసుకు రోజుకు 650 కావాలి. అదే కేక్ బదులు 30 గ్రాముల రాగిపిండితో తైద (రాగి) అంబలి కాచి మజ్జిగ కలిపితే, రాగుల నుంచే 109 వస్తుంది, తీపి అక్కర్లేదు. ఇది పిల్లల కడుపుకు నిజంగా పనికొచ్చే దారి. కేక్‌ను పండగపూట ఉంచుకోండి, కాల్షియాన్ని అంబలికి, పెరుగన్నానికి అప్పగించండి.

ఉస్మానియా బిస్కెట్లు ఇంట్లో చేస్తే రాళ్లలా వస్తున్నాయి. డాల్డా వేస్తే గుల్లగా వస్తాయంటున్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, టోలీచౌకి

చపాతీ పిండిలా పిసుకుతున్నట్టున్నారు. అలా చేస్తే మైదా సాగి, కాలాక బిగుసుకుంటుంది. మెత్తని వెన్న 100 గ్రాములు, పంచదార పొడి 60 గ్రాములు తెల్లబడేదాకా గిలక్కొట్టి, మైదా 150 గ్రాములు, కస్టర్డ్ పౌడర్ రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీస్పూను వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే చాలు. ముద్ద కాకపోతే చెంచాడు పాలు. ఎండాకాలంలో మన ఊళ్లో వెన్న నిలవదు. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టకపోతే బిస్కెట్లు పరుచుకుపోతాయి. ఇరవై బిస్కెట్లు ఒత్తి, పైన పాలు రాసి, 170 డిగ్రీల దగ్గర 15–18 నిమిషాలు. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టకండి, చల్లారాక గట్టిపడతాయి. రాళ్లవడానికి ఇది రెండో కారణం.

డాల్డా వద్దు. నూనెను గట్టిపరిచే క్రమంలో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు. నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని 2022 నుంచి దేశంలో నిబంధన ఉంది. అయినా, చేతిలో వెన్న ఉండగా దాని జోలి ఎందుకు? వెన్న బిస్కెట్ కూడా తేలికేం కాదు, ఒక్కోటి దాదాపు 80 కేలరీలు. చాయ్‌తో రెండు చాలు.

నాన్నగారికి షుగర్. పంచదార బదులు బెల్లం చాయ్ ఇస్తున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

కాదండి. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే చక్కెర; రక్తంలో షుగర్ పెంచుతుంది. ఐరన్ కోసమంటే, రెండు చెంచాల బెల్లంలో అది అర మిల్లీగ్రాముకు మించదు, పైగా చాయ్‌లోని టానిన్లు ఐరన్‌ను ఒంటబట్టనివ్వవు. చాయ్ తీపి లేకుండా అలవాటు చేయండి. ఐరన్‌కు సాయంత్రం గుప్పెడు శనగ గుగ్గిళ్లు, నిమ్మరసం పిండి పెట్టండి. చాయ్‌కు, దానికి మధ్య గంట ఎడం ఉంచండి.